గేముల్లో టెలిపోర్ట్: అవతల తేలేటప్పుడు వేగం ఎంతుండాలి?

#1 · కొత్తకోడు

ఫస్ట్ పర్సన్ పజిల్ గేమ్ కోసం అడుగుతున్నాను. అందులో టెలిపోర్ట్ మూడు రకాలు. గోడకు అతికించే జంట ద్వారాలు, విసిరితే పడ్డచోటికి లాక్కెళ్లే గోళీ, మ్యాప్‌లో ఎంత దూరమైనా పంపే ప్యాడ్.

ఆటగాడు సెకనుకు 12 మీటర్ల వేగంతో లోపలికి వెళ్తే, అవతల ఎంత వేగంతో, ఏ దిక్కుగా రావాలి? "మాయే కదా, ఏదో ఒకటి పెట్టేయండి" అనే జవాబు వద్దు. నియమం ఒకటి ఉండాలి, నాలుగైదు సార్లు ఆడేసరికి అది ఆటగాడికి చేతికి అందాలి. అసలు భౌతికశాస్త్రానికి ఎంతవరకు దగ్గరగా పోవచ్చు? ఎక్కడ తెగుతుంది?

#2 · ఫ్రేమ్‌రేటు

పాత గేములు ఈ ప్రశ్నకు తలోరకంగా జవాబిచ్చాయి. డూమ్, క్వేక్‌ల సోర్స్ కోడ్ బయటికొచ్చింది కాబట్టి వాటి అంకెలు కూడా తెలుసు.

1993 నాటి డూమ్‌లో మూడు అక్షాల వేగమూ సున్నా అయిపోతుంది. పైగా ఆటగాణ్ని 18 టిక్‌ల (గేమ్ గడియారం అడుగుల) పాటు కదలనివ్వదు. సెకనుకు 35 టిక్‌లు కాబట్టి అది దాదాపు అర సెకను. 1996 క్వేక్‌కు మీరు ఏ వేగంతో వచ్చారన్నది అనవసరం, గమ్యం ఎటు చూస్తుంటే అటు సెకనుకు 300 యూనిట్లతో తోసేస్తుంది. క్వేక్ 3లో అది 400. మైన్‌క్రాఫ్ట్‌లో విసిరితే పడ్డచోటికి లాక్కెళ్లే ఎండర్ పెర్ల్ అయితే అప్పటిదాకా పడిన ఎత్తు లెక్కను చెరిపేసి, బదులుగా 5 పాయింట్ల దెబ్బ వేస్తుంది. 2007 పోర్టల్‌లో వేగం ఎంతుందో అంతే ఉంటుంది, దిక్కు మాత్రం ద్వారంతో పాటు తిరుగుతుంది.

మీ మూడు రకాలకూ ఒకే నియమం పెట్టాలనుకోకండి. ద్వారానికి పోర్టల్ పద్ధతి, గోళీకి "వేగం పోతుంది, దెబ్బ తగులుతుంది" పద్ధతి సహజంగా నప్పుతాయి.

#3 · సదిశ

పోర్టల్‌లో ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) నిలుస్తుందని చాలామంది రాస్తారు. నిలవదు. నిలిచేది వేగం పరిమాణం, అంటే గతిజ శక్తి. ద్రవ్యవేగం సదిశ రాశి, దిక్కు మారితే అదీ మారినట్టే.

70 కిలోల మనిషి సెకనుకు 12 మీటర్లతో నేల ద్వారంలోకి పడుతున్నాడనుకోండి. కిందికి 840 కిలోగ్రామ్·మీటర్/సెకను. గోడ ద్వారం నుంచి అడ్డంగా అదే 840తో బయటపడ్డాడు. రెండు సదిశల తేడా 840 × √2, అంటే దాదాపు 1,188. దాన్ని ఎవరో ఒకరు మోయాలి. ద్వారాలను గోడకు బిగించి ఉంటే గోడ మోస్తుంది, గోడ ద్వారా భూమి మోస్తుంది. ద్వారం గాల్లో తేలుతుంటే మాత్రం వెనక్కి తన్నుకుపోవాలి.

#4 · నేలచూపు

> దిక్కు మారితే అదీ మారినట్టే

ఒప్పుకోను. దాటేవాడి వైపు నుంచి చూడండి. వాడు తిరగలేదు, వాడిమీద ఏ బలమూ పనిచేయలేదు, సూటిగా వెళ్లాడు. తిరిగింది స్థలం. ఇక ద్రవ్యవేగం మారిందని ఎలా అంటారు?

#5 · సదిశ

నేలచూపు గారూ, మీరన్నది ద్వారం గొంతు దగ్గర నూటికి నూరుపాళ్లూ నిజం. అక్కడ ఏ బలమూ తెలియదు. కానీ ద్రవ్యవేగ నిత్యత్వం అనేది మొత్తం వ్యవస్థకు వేసే లెక్క. దూరంగా నిలబడి చూసేవాడికి ముందు కిందికి 840 కనిపించింది, తర్వాత అడ్డంగా 840 కనిపించింది. ఆ తేడాకు పద్దు ఉండాలి.

వార్మ్‌హోల్ అంటే రెండు దూరపు చోట్లను కలిపే సొరంగం, రెండు కొసలు నోళ్లు, మధ్యది గొంతు. ఆ సిద్ధాంతంలో ఈ పద్దు ఉంది. ఐన్‌స్టీన్, రోజెన్ 1935లో రాసిన వంతెనలో ఎవరూ దాటలేరు. దాటగల వార్మ్‌హోల్‌ను 1988లో మోరిస్, థోర్న్ లెక్కగట్టారు, దాని గొంతు మూసుకుపోకుండా రుణ శక్తి సాంద్రత ఉన్న పదార్థం కావాలి. అందులో మనిషి వెళ్లిన నోటికి 70 కిలోలు పెరుగుతాయి, బయటికొచ్చిన నోటికి 70 కిలోలు తగ్గుతాయి. ద్రవ్యవేగం కూడా అలాగే, ఒక నోరు తీసుకుంటుంది, రెండోది వెనక్కి తగ్గుతుంది. ఒకే వైపుగా అదేపనిగా జనాన్ని పంపిస్తుంటే బయటి నోటి ద్రవ్యరాశి కరిగి సున్నాకు, ఆపైన రుణానికి పోతుంది.

కొత్తకోడు గారూ, ఇది పజిల్‌కు పనికొచ్చే ముక్క. ప్రతి ద్వారానికీ "మిగిలిన బరువు" అని ఒక అంకె పెట్టండి. మొదట 500 కిలోలు. 70 కిలోల ఆటగాడు ఏడుసార్లు అటు దాటితే 10 మిగులుతుంది, ఎనిమిదోసారి ద్వారం నిలవదు. తిరుగుదారిలో ఏదైనా బరువు పంపితే మళ్లీ నిండుతుంది.

#6 · కొత్తకోడు

బరువు లెక్క బాగుంది, ప్రోటోటైప్‌లో పెడతాను. మరి నేలమీద ఒకటి, సరిగ్గా దాని పైన కప్పుకు ఒకటి పెట్టి అంతులేకుండా పడిపోతుంటే? అక్కడ శక్తి నిత్యత్వం చచ్చిపోయినట్టేనా?

#7 · రెండోఘాతం

ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే లోతైన చోటు ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

కప్పు ఎత్తు 3 మీటర్లు. ఒక్కో చుట్టుకు గురుత్వం ఇచ్చే శక్తి 70 × 9.8 × 3, అంటే 2,058 జౌళ్లు. గాలి లేకపోతే వేగం పెరుగుతూనే పోతుంది. గాలి ఉంటే సెకనుకు సుమారు 55 మీటర్ల దగ్గర ఆగుతుంది, అది బోర్లా పడే మనిషి చరమ వేగం. అక్కడినుంచి గురుత్వం పెట్టే పనంతా గాలిని వేడి చేయడానికే పోతుంది. 70 × 9.8 × 55, దాదాపు 37.7 కిలోవాట్లు. 3 మీటర్ల ఘనాకారపు గదిలో గాలి 32 కిలోలే. గోడలు వేడిని పీల్చుకోకపోతే సెకనుకు ఒక డిగ్రీకి పైగా ఉష్ణోగ్రత పెరుగుతుంది. రెండు మూడు నిమిషాల్లో ఆ గదిలో మనిషి ఉండలేడు.

అసలు మనిషి దూకక ముందే ఇంకొకటి జరుగుతుంది. నేల దగ్గర గాలి పీడనం కప్పు దగ్గరకన్నా 35 పాస్కల్‌లు ఎక్కువ. ఆ తేడాకే నేల ద్వారంలోకి గాలి దిగి కప్పు ద్వారం నుంచి కిందికి వీస్తుంది. మొదటి చుట్టులోనే సెకనుకు 7.7 మీటర్లు. కాబట్టి జంట ద్వారాలు వేర్వేరు ఎత్తుల్లో ఉంటే ఎప్పుడూ గాలి వీయాల్సిందే. దుమ్ము, కాగితాలు, గడ్డి కదలిక చూసి ఏ ద్వారం కింద ఉందో ఆటగాడు చెప్పగలగాలి. నా దృష్టిలో మీ గేమ్‌లో పెట్టదగ్గ అన్నిటికంటే మంచి సూచిక ఇది.

ఇక శక్తి ఎక్కడినుంచి వస్తుంది? సదిశ గారి పద్దులోంచే. కింది నోరు బరువెక్కుతుంది, పై నోరు తేలికవుతుంది. అంటే ద్రవ్యరాశి పైనుంచి కిందికి దిగినట్టే, ఆ స్థితిజ శక్తే పడేవాడికి అందుతోంది. ఉత్తపుణ్యానికి వచ్చింది కాదు.

ఆపైన కాలం సంగతి. గురుత్వంలో కింద ఉన్న గడియారం మెల్లగా నడుస్తుంది. 3 మీటర్ల తేడాకు సెకనులో 3.3 × 10⁻¹⁶ వంతు. ద్వారం గొంతులోంచి చూస్తే మాత్రం రెండు నోళ్ల గడియారాలూ కలిసే నడుస్తాయి. దాంతో బయటి దారికీ లోపలి దారికీ కాలంలో తేడా పోగవుతూ వస్తుంది. కింది నోట్లో దూరినవాడు పై నోటినుంచి ఆ తేడా మేరకు గతంలోకి తేలతాడు. ఆ తేడా ఎప్పుడైతే కప్పునుంచి నేలకు కాంతి పట్టే సమయాన్ని మించుతుందో, అప్పుడు ద్వారం కాలయంత్రం అవుతుంది. లెక్క వేస్తే ఎత్తు రెండువైపులా కొట్టుకుపోతుంది, మిగిలేది కాంతి వేగాన్ని గురుత్వ త్వరణంతో భాగిస్తే వచ్చేది. దాదాపు 354 రోజులు. కప్పు 3 మీటర్లయినా 30 మీటర్లయినా అంతే. స్థిరమైన వార్మ్‌హోల్‌ను గురుత్వ క్షేత్రంలో వదిలేస్తే ఇలా అవుతుందని 1990లో ఫ్రొలోవ్, నోవికోవ్ చూపించారు. ప్రకృతి దీన్ని జరగనివ్వదన్నది 1992లో హాకింగ్ పెట్టిన ప్రతిపాదన. అది ఇంకా రుజువు కాలేదు.

#8 · బిట్‌బావి

ఎత్తు కొట్టుకుపోతుందని నమ్మబుద్ధి కాక కాగితం మీద వేశాను. నిజమే. ఎత్తు పెరిగితే గడియారాల తేడా ఎంత రెట్లు పెరుగుతుందో, కాంతి ప్రయాణమూ అంతే రెట్లు పెరుగుతుంది. చాలా అందంగా ఉంది.

#9 · నేలచూపు

గాలి సంగతి వచ్చింది కాబట్టి చేరుస్తున్నా. ద్వారాలు గదిలో కాకుండా ఒకటి సముద్రమట్టంలో, ఒకటి 5,500 మీటర్ల కొండమీద ఉంటే పైన పీడనం దాదాపు సగమే. ఆ నిష్పత్తిలో ద్వారం దగ్గర గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అవతల శూన్యమే అయితే 1 చదరపు మీటరు ద్వారం గుండా సెకనుకు దాదాపు 240 కిలోల గాలి పోతుంది. లెవెల్ డిజైన్‌లో ద్వారాల ఎత్తుల తేడాకు హద్దు పెట్టండి. లేదా మనిషి తాకినప్పుడే తెరుచుకునే పొర ఉందని చెప్పండి.

#10 · ఫ్రేమ్‌రేటు

ప్యాడ్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ నడిచే దారి లేదు, మాయమై ఇంకోచోట ప్రత్యక్షం కావడమే. వేగాన్ని దేనితో పోల్చి కొలవాలన్నదే అక్కడ అసలు ప్రశ్న.

#11 · రెండోఘాతం

అవును. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్లతో తిరుగుతోంది, ధ్రువం దగ్గర సున్నా. "వేగం యథాతథం" అని నియమం పెడితే భూమధ్యరేఖ నుంచి ధ్రువానికి పోయినవాడు సెకనుకు 465 మీటర్లతో గోడకు కొట్టుకుంటాడు, అది ధ్వని వేగం కంటే ఎక్కువ. భూమధ్యరేఖమీదే సరిగ్గా అవతలి వైపుకు పోతే తేడా 930. కాబట్టి నియమం ఇలా ఉండాలి: బయలుదేరిన ప్యాడ్‌తో పోలిస్తే ఎంత వేగమో, చేరిన ప్యాడ్‌తో పోలిస్తే అంతే వేగం. తేడాను ప్యాడ్ భరిస్తుంది.

ఎత్తుకూ ఖర్చుంది. 70 కిలోల మనిషిని 1,000 మీటర్లు పైకి పంపితే 686 కిలోజౌళ్లు. దాన్ని మనిషి ఒంట్లోని వేడి నుంచే తీసుకుంటే ఒళ్లు సుమారు 2.8 డిగ్రీలు చల్లబడుతుంది. 37 నుంచి 34.2కి, అది ఒళ్లు గడగడా వణికే చలి. కిందికి పంపితే 39.8, గట్టి జ్వరం. అదే ప్యాడ్ కరెంటు నుంచి తీసుకుంటే 0.19 యూనిట్, అంతే. ప్యాడ్‌కు బ్యాటరీ పెట్టండి. చార్జ్ చాలకపోతే మిగతాది ఆటగాడి ఉష్ణోగ్రత నుంచి కోయండి. నియమం ఒక్కటే, శిక్ష దానంతటదే వస్తుంది.

#12 · బిట్‌బావి

ప్యాడ్‌ను "మనిషిని డేటాగా మార్చి పంపడం" అని చెప్పాలనుకుంటే ఈ అంకెలు చూసుకోండి. 70 కిలోల ఒంట్లో సుమారు 7 × 10²⁷ పరమాణువులు. ఒక్కోదానికి 100 బిట్లు అనుకుందాం, ఇది కేవలం అంచనా కోసం. సెకనుకు లక్ష కోట్ల బిట్లు పంపే లైన్ మీద 2,200 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు.

పదార్థాన్నే శక్తిగా మార్చి పంపితే 6.3 × 10¹⁸ జౌళ్లు, అంటే 1,500 మెగాటన్నుల టీఎన్‌టీ. 1961లో పేల్చిన అతిపెద్ద బాంబు సుమారు 50 మెగాటన్నులు. దానికి 30 రెట్లు ఒక గదిలో.

క్వాంటం టెలిపోర్టేషన్ వేరే సంగతి. దాన్ని 1993లో బెన్నెట్, ఇంకో అయిదుగురు ప్రతిపాదించారు. 1997లో జైలింగర్ బృందం ఫోటాన్‌తో చేసి చూపింది. 2017లో చైనా మిషియస్ ఉపగ్రహం దాకా, 1,400 కిలోమీటర్ల వరకు చేశారు. అందులో పోయేది పదార్థం కాదు, స్థితి. ఒక్కో క్యూబిట్‌కు (క్వాంటం సమాచారపు కనీస ముక్కకు) రెండు మామూలు బిట్లు విడిగా పంపాలి, అవి కాంతిని మించి పోలేవు. అసలు దగ్గర ఆ స్థితి చెరిగిపోతుంది. నకలు తీయడం కుదరదని 1982 నుంచీ తెలుసు. కథలో "కాపీ అయిన రెండో నేను" మలుపు పెట్టాలంటే క్వాంటం పేరు ఎత్తకండి, ఆ రెండూ పొసగవు.

#13 · కొత్తకోడు

క్వాంటం పేరు తీసేస్తున్నా. దిగేచోట ఇంకేదైనా ఉంటే?

#14 · సదిశ

డూమ్ జవాబు తెలిసిందే, అక్కడున్నవాడికి 10,000 దెబ్బ, చచ్చిపోతాడు.

ఖాళీ చోటు అనుకున్నదాంట్లోనూ గాలి ఉంది. 70 కిలోల మనిషి ఘనపరిమాణం 70 లీటర్లు, ఆ చోట గాలి 84 గ్రాములు. అది పక్కకు జరగకుండా ఒంట్లోనే ఇరుక్కుంటే రక్తనాళాల్లో బుడగలే. బయలుదేరినచోట 70 లీటర్ల శూన్యం మిగులుతుంది, గాలి దూసుకొచ్చి మూసేటప్పుడు 7.1 కిలోజౌళ్లు విడుదలవుతాయి. 1.7 గ్రాముల టీఎన్‌టీతో సమానం, గట్టి చప్పుడు.

రెంటికీ ఒకటే మందు: అదలుబదలు. మనిషి అటు, అక్కడి 70 లీటర్లు ఇటు. చప్పుడూ ఉండదు, బుడగలూ ఉండవు. గురి తప్పి కాంక్రీట్‌లోకి పోతే, బయలుదేరినచోట మనిషి ఆకారంలో 168 కిలోల కాంక్రీట్ దిమ్మ నిలబడుతుంది. ఆటగాడికి ఏం తప్పు జరిగిందో ఒక్క మాట రాయకుండా తెలిసిపోతుంది.

#15 · నేలచూపు

పాత గొడవ ఒకటి మిగిలింది. ద్వారమే కదులుతుంటే? బల్లమీద కదలని పెట్టె, పైనుంచి సెకనుకు 5 మీటర్లతో ద్వారం దిగింది, అవతలి ద్వారం స్థిరం. పెట్టె అక్కడే మెల్లగా జారిపడుతుందని నా వాదన. గాజులాంటి రింగును పెట్టెమీదుగా దించండి, పెట్టె కదలదు కదా.

#16 · సదిశ

రింగుకు రెండు ముఖాలూ కలిసి కదులుతాయి. ఇక్కడ ఒకటి కదులుతోంది, రెండోది స్థిరంగా ఉంది. పోలిక అక్కడే తెగింది.

పెట్టె ఎత్తు అర మీటరు అనుకోండి. ద్వారం దాన్ని మింగడానికి 0.1 సెకను పడుతుంది. అంటే అవతల అర మీటరు పెట్టె 0.1 సెకనులో బయటికి రావాలి. ఆ వేగం సెకనుకు 5 మీటర్లు కాక మరెంత? బయటికొచ్చిన పైభాగం 5తో పోతుంటే చివర్లో ఉన్నట్టుండి ఆగడానికి కారణం కావాలి, అది లేదు. ఎగిరే తీరుతుంది.

శక్తి ద్వారాన్ని దించే ప్రెస్ ఇస్తుంది. పెట్టె 10 కిలోలైతే 125 జౌళ్లు, ప్రెస్‌కు సగటున 250 న్యూటన్ల ఎదురు తగులుతుంది. అది బలహీనమైన మోటారైతే మధ్యలోనే నెమ్మదిస్తుంది.

#17 · నేలచూపు

0.1 సెకను మాటతో ఒప్పుకుంటున్నా. పెట్టె బయటికొచ్చే రేటే దాని వేగం, అందులో తప్పించుకునే సందు లేదు.

#18 · ఫ్రేమ్‌రేటు

ఇప్పుడు ఇంజిన్‌లో ఇవి ఎక్కడ విరుగుతాయో చెప్తాను.

వేగాన్ని ముందు లోపలి ద్వారం అక్షాల్లోకి మార్చాలి, నిలువు అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పాలి, తర్వాత బయటి ద్వారం అక్షాల్లోంచి ప్రపంచంలోకి తేవాలి. మధ్యలో ఆ 180 మరిచిపోతే ఆటగాడు గోడలోకే పరిగెడతాడు. ద్వారం కదులుతుంటే మొదట దాని వేగాన్ని తీసేసి, చివర్లో బయటి ద్వారం వేగాన్ని కలపాలి. సదిశ గారి పెట్టె అప్పుడు దానంతటదే ఎగురుతుంది. స్థానం, చూపు, కోణీయ వేగం కూడా అదే మార్పిడిలోంచి పోవాలి.

సెకనుకు 55 మీటర్లతో పడేవాడు 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 ఫ్రేమ్‌లలో, ఒక్క ఫ్రేమ్‌కు 0.92 మీటరు కదులుతాడు. పలచటి ట్రిగ్గర్ పెట్టె (తాకితే అవతలికి పంపే కనిపించని పెట్టె) పెడితే తగలకుండా దాటిపోతాడు. పాత స్థానం నుంచి కొత్త స్థానానికి గీత గీసి, అది ద్వార తలాన్ని కోసిందేమో చూడండి.

స్థానాల తేడా నుంచే వేగం లెక్కగట్టే వెర్లే పద్ధతిలో తాళ్లు, బట్టలు ఉంటే పాత స్థానాన్ని కూడా మార్చి తీరాలి. మార్చకపోతే 100 మీటర్ల దూకుడు ఒక్క ఫ్రేమ్‌లో సెకనుకు 6,000 మీటర్ల వేగంగా కనిపిస్తుంది, బట్ట చిరిగి తెరమీంచి ఎగిరిపోతుంది. రెండు ఫ్రేమ్‌ల మధ్య సాఫీగా గీసే కోడ్‌కూ అదే రోగం, ఆటగాడు మ్యాప్ అడ్డంగా గీతలా కనిపిస్తాడు.

సగం ఇటు సగం అటు ఉన్న వస్తువుకు అవతల ఒక నకలు పెట్టి, రెండుచోట్లా తాకిళ్లు చూడాలి. లోపలికి పోయినవాడు వెంటనే వెనక్కి రాకుండా, తలానికి ముందువైపు నుంచి వస్తేనే దాటనివ్వండి. డూమ్ కూడా గీత వెనకవైపు నుంచి తాకితే పట్టించుకోదు.

#19 · కొత్తకోడు

ఇవన్నీ పెట్టాక రెండు నేల ద్వారాల మధ్య బంతి వదిలితే, ప్రతిసారీ ఇంకొంచెం పైకి లేస్తోంది. 2 మీటర్లతో మొదలై ఇరవై దాట్లలో గది కప్పు తాకింది. ఎక్కడ తప్పు?

#20 · ఫ్రేమ్‌రేటు

ఫ్రేమ్ చివర్లో మార్పిడి చేస్తున్నారు. అప్పటికే బంతి తలం దాటి కొంత లోతుకు పోయింది, ఆ లోతులో ఎక్కువైన వేగంతో ఉంది. మీరు ఆ లోతును అవతల అంతే ఎత్తుగా మార్చి, వేగాన్ని అలాగే ఇచ్చారు. లోతు 5 సెంటీమీటర్లైతే బంతి 10 సెంటీమీటర్లు ఎక్కువ లేస్తుంది. 2 మీటర్ల నుంచి పడితే తలం దగ్గర వేగం సెకనుకు 6.26 మీటర్లు, 60 హెర్ట్జ్‌లో లోతు 10 సెంటీమీటర్ల దాకా పోవచ్చు. ఎత్తు పెరిగేకొద్దీ వేగం పెరిగి తప్పూ పెరుగుతుంది.

ఫ్రేమ్‌ను తలం దగ్గర రెండు ముక్కలు చేయండి. తలం తగిలే క్షణం ఎప్పుడో కనుక్కొని, సరిగ్గా అక్కడి వేగాన్ని మార్చి, మిగిలిన సమయాన్ని అవతలి వైపు గురుత్వంతో నడపండి. తర్వాత 100 దాట్లు తిప్పి చూడండి, 2 నిమిషాల 8 సెకన్లు పడుతుంది. ఎత్తు 2 మీటర్లకు ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటే చాలు.

#21 · కొత్తకోడు

రెండు ముక్కలు చేశాక 100 దాట్ల తర్వాత 1.996 మీటర్లు. ఫ్రేమ్‌రేటు 30కి దించినా అంతే.